ఫైలు ఒకచోట, ప్రోగ్రాం మరొకచోట
డిస్ట్రిబ్యూటెడ్ ప్రోగ్రామింగ్‌లో ఫైళ్ళ నిర్వహణ



సి గానీ, జావా గానీ నేర్చుకునేటప్పుడు ఫైలు తెరవడం, చదవడం, రాయడం, మూయడం అనే నాలుగు పనులు మొదట్లోనే నేర్చుకుంటాం. ల్యాబ్‌లో ఒక కంప్యూటర్ ముందు కూర్చుని చేసినంతసేపు అవి చక్కగా పనిచేస్తాయి. అదే ప్రోగ్రాంను రెండు, మూడు కంప్యూటర్ల మీద నడిపితే మాత్రం ఒకసారి ఫైలు దొరకదు, ఒకసారి పాత సమాచారం వస్తుంది, మరొకసారి రాసినది మాయమవుతుంది. ఇలా ఎందుకు జరుగుతుంది, జరగకుండా ఏం చేయాలి అన్నదే ఈ వ్యాసం.

పాలిటెక్నిక్, డిగ్రీ, బి.టెక్., ఎం.సి.ఎ. చదివే మన హాస్టల్ విద్యార్థులకు ఇది ప్రాజెక్టులోనూ, ఇంటర్వ్యూలోనూ ఎదురయ్యే అంశం. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మన స్కాలర్‌షిప్పులు, హాల్ టికెట్లు, రేషన్ కార్డులు ఇవన్నీ ఎక్కడో ఒక కంప్యూటర్‌లో రాసి ఉన్న పేర్లే. రేపు అటువంటి ప్రోగ్రాంలు రాసే ఉద్యోగాలలో మీరే ఉంటారు. మీ ప్రోగ్రాం ఒక్క పేరు జారవిడిస్తే నష్టపోయేది మనలాంటి ఇంకొక విద్యార్థి. అందువల్ల శ్రద్ధగా చదవమని కోరుతున్నాం.

1. పాత్ అంటే పూర్తి చిరునామా కాదు

డి డ్రైవులో మార్కులు అనే ఫోల్డరు, అందులో ఫలితాలు అనే ఫైలు ఉన్నదనుకుందాం. ఈ వరుసను పాత్ అంటాం. ప్రోగ్రాం ఈ పాత్‌ను ఇవ్వగానే ఆపరేటింగ్ సిస్టమ్ తన డిస్కులో వెతికి, ఫైలు దొరికితే ఒక చిన్న సంఖ్య తిరిగి ఇస్తుంది. యునిక్స్, లినక్స్‌లలో దీనిని ఫైల్ డిస్క్రిప్టర్ అంటారు. 0, 1, 2 సంఖ్యలు ముందే కేటాయించి ఉంటాయి కనుక మనం తెరిచే మొదటి ఫైలుకు సాధారణంగా 3 వస్తుంది. ఈ 3 అనేది ఆ యంత్రంలో నడుస్తున్న ఆ ప్రోగ్రాంకు మాత్రమే అర్థమయ్యే గుర్తు. దానిని నెట్‌వర్క్ ద్వారా ఇంకొక కంప్యూటర్‌కు పంపితే అక్కడ దానికి అర్థమే ఉండదు.

పాత్ సంగతి కూడా ఇంతే. "3వ నంబరు గది, కిటికీ పక్కన ట్రంకుపెట్టె" అని చీటీ రాసి మన హాస్టల్‌లో ఎవరికి ఇచ్చినా పెట్టె తెచ్చి ఇస్తారు. ఆ చీటీనే వేరే ఊరి హాస్టల్‌కు పంపితే? అక్కడా 3వ నంబరు గది ఉంటుంది. కిటికీ పక్కన పెట్టె కూడా ఉండవచ్చు. కానీ అది మన పెట్టె కాదు. ఫైలు దొరకకపోతే ప్రోగ్రాం ఆగిపోతుంది, తప్పు వెంటనే తెలుస్తుంది. అదే పేరుతో వేరే ఫైలు దొరికితే ప్రోగ్రాం ఆగదు, తప్పుడు జవాబు ఇస్తుంది. రెండవదే ఎక్కువ ప్రమాదం.

యంత్రానికీ యంత్రానికీ ఇంకా కొన్ని తేడాలు ఉంటాయి. లినక్స్‌లో ఫైలు పేరులోని పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేరు వేరు. విండోస్ మామూలుగా వాటిని ఒకటిగానే చూస్తుంది. ఫోల్డర్ల మధ్య గీత ఒకదానిలో ముందుకు, ఒకదానిలో వెనక్కు వాలుతుంది. సంఖ్యను బైనరీలో రాసేటప్పుడు కొన్ని ప్రాసెసర్లు చిన్న స్థానపు బైటును ముందు పెడితే, కొన్ని పెద్ద స్థానపు బైటును ముందు పెడతాయి. అందుచేత కంప్యూటర్ల మధ్య తిరిగే ఫైలు ఏ రూపంలో ఉండాలో ముందే ఒప్పందం చేసుకోవాలి.

2. మనకున్న మూడు మార్గాలు

ఫైలు ఒక యంత్రంలో, ప్రోగ్రాం ఇంకొక యంత్రంలో ఉన్నప్పుడు చేయగలిగినవి ముఖ్యంగా మూడు:

అ) ఫైలును తెచ్చుకోవడం. మొత్తం ఫైలును కాపీ చేసుకుని మన డిస్కులో పెట్టుకుని వాడుకోవడం. నోట్సు జిరాక్స్ తీసుకోవడం వంటిది. తేలిక, వేగం. కాని అసలు నోట్సులో తరువాత చేసిన దిద్దుబాటు మన జిరాక్సులోకి రాదు.

ఆ) ఫైలును పంచుకోవడం. ఫైలు సర్వర్‌లోనే ఉంటుంది, మనం కావలసిన ముక్కను అడిగి చదువుకుంటాం. లైబ్రరీలో కూర్చుని పుస్తకం చదవడం వంటిది. అందరికీ ఒకే ప్రతి. కాని లైబ్రరీ తలుపు మూస్తే అందరి చదువూ ఆగుతుంది.

ఇ) పనినే ఫైలు దగ్గరకు పంపడం. ఫైలు చాలా పెద్దదైతే దానిని కదపకుండా, చిన్నదైన ప్రోగ్రాంనే అక్కడికి పంపి, జవాబును మాత్రం తెప్పించుకోవడం.

ఫైలు ఎంత పెద్దది, ఎంతమంది చదువుతారు, ఎంతమంది రాస్తారు అన్న దానిని బట్టి మార్గం ఎంచుకోవాలి. చదివేవారు మాత్రమే ఉండి, ఫైలు చిన్నదైతే మొదటిది చాలు. అనవసరంగా పెద్ద ఏర్పాటు చేయనక్కరలేదు.

3. పంచుకోవడం ఎలా జరుగుతుంది: ఎన్.ఎఫ్.ఎస్.

పంచుకునే పద్ధతులలో ప్రసిద్ధమైనది నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. దీనిని 1980లలో అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ తయారుచేసింది. దాని 2వ వెర్షన్ నియమాలు 1989లో ఆర్.ఎఫ్.సి. 1094గా, 3వ వెర్షన్ నియమాలు 1995లో ఆర్.ఎఫ్.సి. 1813గా వెలువడ్డాయి.

దీని పని తీరు ఇది. సర్వర్‌లోని ఫోల్డరును క్లయింట్ తన ఫైళ్ళ చెట్టులో ఒక కొమ్మగా తగిలించుకుంటుంది. దీనిని మౌంట్ చేయడం అంటారు. తరువాత ప్రోగ్రాం మామూలుగానే ఫైలు తెరుస్తుంది. లోపల మాత్రం సర్వర్ ఒక ఫైల్ హ్యాండిల్‌ను ఇస్తుంది. 2వ వెర్షన్‌లో ఇది 32 బైట్ల గుర్తు. చదవమని అడిగిన ప్రతిసారీ క్లయింట్ మూడు సంగతులు చెబుతుంది: హ్యాండిల్, ఎన్నవ బైటు నుంచి, ఎన్ని బైట్లు.

ఇందులో ఒక మంచి ఉపాయం ఉంది. "తరువాతి 1000 బైట్లు ఇవ్వు" అని అడిగితే, జవాబు దారిలో పోయి మళ్ళీ అడిగినప్పుడు మధ్యలో 1000 బైట్లు వదిలిపోతాయి. "4000వ బైటు నుంచి 1000 బైట్లు ఇవ్వు" అని అడిగితే ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు వస్తుంది. ఇలా ఎన్నిసార్లు చేసినా ఫలితం మారని పనిని ఐడెంపొటెంట్ అంటారు. ఈ ఉపాయం వల్లనే 2, 3 వెర్షన్లలో ఎవరు ఎక్కడిదాకా చదివారో సర్వర్ గుర్తుపెట్టుకోనక్కరలేదు. కరెంటు పోయి సర్వర్ మళ్ళీ లేచినా పని అక్కడి నుంచే సాగుతుంది. ఫైలు చెరపడం వంటి పనులు మాత్రం ఇలాంటివి కావు. మొదటి విన్నపానికే ఫైలు పోతుంది. జవాబు అందక రెండవసారి అడిగితే "అలాంటి ఫైలు లేదు" అని వస్తుంది. అందుకని సర్వర్లు ఈమధ్య వచ్చిన విన్నపాలకు ఇచ్చిన జవాబులను కొంతసేపు దాచుకుంటాయి. 2000 నుంచి వచ్చిన 4వ వెర్షన్‌లో ఫైలు తెరవడం, తాళం వేయడం కూడా ప్రోటోకాల్‌లోనే భాగమయ్యాయి.

సర్వర్ జవాబు ఇవ్వకపోతే ఏం చేయాలన్నది మౌంట్ చేసేటప్పుడే చెప్పవచ్చు. హార్డ్ మౌంట్ అయితే సర్వర్ వచ్చేదాకా ప్రోగ్రాం ఎదురుచూస్తుంది. సాఫ్ట్ మౌంట్ అయితే కొన్ని ప్రయత్నాల తరువాత తప్పు జరిగిందని చెప్పి ఊరుకుంటుంది. ఆ తప్పును పట్టించుకోని ప్రోగ్రాం అయితే రాయని దానిని రాశాననుకుంటుంది. రైట్, క్లోజ్ ఇచ్చే జవాబులను తప్పక పరీక్షించాలని మా సలహా.

4. పాత ప్రతి సమస్య: క్యాష్

ప్రతి బైటుకూ నెట్‌వర్క్ మీదకు వెళ్తే ఆలస్యమవుతుంది. అందువల్ల క్లయింట్ ఒకసారి తెచ్చినదాన్ని తన దగ్గర దాచుకుంటుంది. ఇదే క్యాష్. లినక్స్ ఎన్.ఎఫ్.ఎస్. క్లయింట్ ఒక ఫైలు సైజు, మార్పు సమయం వంటి వివరాలను, మనం ఏమీ మార్చకపోతే, కనీసం 3 సెకన్లు, గరిష్ఠంగా 60 సెకన్లు నమ్ముతుంది. అంటే ఒక యంత్రంలో మార్చినది ఇంకొక యంత్రంలో వెంటనే కనబడకపోవచ్చు.

దీనికి ఎన్.ఎఫ్.ఎస్. ఇచ్చే హామీ ఒకటి ఉంది. ఒకరు రాసి, ఫైలును మూసిన తరువాత, మరొకరు ఆ ఫైలును కొత్తగా తెరిస్తే కొత్త సమాచారం కనబడుతుంది. ఇద్దరూ ఒకేసారి తెరిచి ఉంచితే ఈ హామీ లేదు. కాబట్టి మీ ప్రోగ్రాం ఫైలును రోజంతా తెరిచి ఉంచి, పక్క యంత్రం రాసినది వెంటనే కనబడాలని ఆశించకూడదు.

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఐ.బి.ఎం. కలిసి 1980లలో చేసిన ఆండ్రూ ఫైల్ సిస్టమ్‌లో ఇంకొక దారి తొక్కారు. ఈ పనిలో ముఖ్యపాత్ర వహించిన మహదేవ్ సత్యనారాయణన్ గారు మద్రాసు ఐ.ఐ.టి.లో చదివినవారు. అందులో ఫైలు మొత్తం క్లయింట్ డిస్కులోకి వస్తుంది. "ఈ ఫైలును ఇంకెవరైనా మారిస్తే కబురు పెడతాను" అని సర్వర్ మాట ఇస్తుంది. దీనిని కాల్‌బ్యాక్ అంటారు. కబురు రానంతవరకు క్లయింట్ తన ప్రతినే వాడుకుంటుంది. మూసినప్పుడు మారిన ఫైలు సర్వర్‌కు వెళ్తుంది. ఇద్దరు మారిస్తే చివర మూసినవారిదే నిలుస్తుంది. దీనివల్ల వచ్చే చిక్కు తరువాతి భాగంలో చూడండి.

5. ఇద్దరు ఒకేసారి రాస్తే

స్కాలర్‌షిప్ జాబితా అనే ఫైలులో 120 పేర్లు ఉన్నాయనుకుందాం. మొదటి కంప్యూటర్ ఫైలు చదివి, రాజు పేరు చేర్చింది, 121 అయ్యాయి. అదే సమయంలో రెండవ కంప్యూటర్ కూడా ఆ 120 పేర్లనే చదివి, లక్ష్మి పేరు చేర్చింది. దాని లెక్కలోనూ 121. మొదటిది రాసింది, తరువాత రెండవది రాసింది. ఫైలులో ఉండవలసినవి 122, ఉన్నవి 121. రాజు పేరు లేదు. ఎక్కడా తప్పు చూపలేదు, రెండు ప్రోగ్రాంలూ "విజయవంతంగా భద్రపరచబడింది" అనే చెప్పాయి. దీనిని లాస్ట్ అప్‌డేట్ అంటారు. డిస్ట్రిబ్యూటెడ్ ప్రోగ్రామింగ్‌లో అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన తప్పు ఇదే.

దీనికి విరుగుడు మార్గాలు:

తాళం: చదవడానికి ముందే తాళం వేసి, రాసిన తరువాత తీయాలి. యునిక్స్‌లో మామూలు తాళాలు సలహా తాళాలు. అంటే అడిగినవారికే అవి అడ్డు. అడగకుండా నేరుగా రాసే ప్రోగ్రాంను అవి ఆపలేవు. అందరూ ఒకే నియమం పాటించాలి.

గడువు: తాళం వేసిన యంత్రమే చెడిపోతే తాళం ఎవరు తీస్తారు? అందుకని తాళాన్ని గడువుతో ఇస్తారు. దీనిని లీజు అంటారు. గడువులోగా పొడిగించుకోకపోతే తాళం ఇంకొకరికి పోతుంది.

వరుస సంఖ్య: గడువు దాటేదాకా ఏదో కారణంతో ఆగిపోయిన యంత్రం మళ్ళీ లేచి, తాళం ఇంకా తనదేననుకుని రాయబోవచ్చు. దీనికోసం ప్రతి తాళంతో పెరిగే సంఖ్య ఇస్తారు. పాతవారికి 33, కొత్తవారికి 34. 34తో ఒకసారి రాసిన తరువాత 33తో వచ్చినదానిని నిల్వ సర్వర్ తిప్పికొడుతుంది.

ఒకే రాతగాడు: అన్నిటికంటే తేలికైనది ఇది. ఫైలును ఒక్క ప్రోగ్రాం మాత్రమే రాస్తుంది, మిగిలిన యంత్రాలు దానికి విన్నపాలు పంపుతాయి. స్టోర్ రూం తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉన్నట్లు. డేటాబేస్ సర్వర్ చేసే పని దాదాపు ఇదే. చాలామంది రాయవలసిన సమాచారమైతే మామూలు ఫైలు కన్నా డేటాబేస్ మేలు.

ఏది కొత్త ప్రతి అన్నది ఫైలు మీది సమయం చూసి తేల్చకండి. రెండు కంప్యూటర్ల గడియారాలు ఒక్కలా ఉండవు. లెస్లీ లాంపోర్ట్ 1978లోనే గడియారాల మీద ఆధారపడకుండా సంఖ్యలతో ఘటనల వరుస నిర్ణయించే పద్ధతి చూపించారు. మీ ఫైలులో వెర్షన్ సంఖ్య ఒకటి పెట్టి, మార్చినప్పుడల్లా 1 పెంచండి. చదివినప్పటి సంఖ్య రాసేటప్పటికి మారిపోయి ఉంటే రాయకుండా మళ్ళీ చదవాలి. ఈ పోల్చడం, రాయడం రెండూ సర్వర్ ఒకే పనిగా చేయాలి. లేకపోతే ఆ రెంటి మధ్యలో ఇంకొకరు దూరతారు.

6. మధ్యలో ఆగిపోతే

పెద్ద ఫైలు రాస్తుండగా సగంలో కరెంటు పోయిందనుకోండి. పాత ఫైలూ పోయింది, కొత్తదీ పూర్తి కాలేదు. దీనికి పెద్దలు వాడే పద్ధతి ఇది: మొదట తాత్కాలిక పేరుతో పక్కనే కొత్త ఫైలు రాయాలి. డిస్కు మీదకు చేరేలా ఎఫ్‌సింక్ పిలవాలి. ఎందుకంటే రైట్ పూర్తయిందంటే అక్షరాలు మెమొరీలోకి చేరాయనే గానీ డిస్కు మీదకు చేరాయని కాదు. చివరగా తాత్కాలిక పేరును అసలు పేరుగా మార్చాలి. యునిక్స్‌లో ఒకే ఫైల్ సిస్టమ్ లోపల పేరు మార్చడం విడదీయరాని పని. పేరుతో కొత్తగా తెరిచేవారికి పాత ఫైలో, కొత్త ఫైలో పూర్తిగా కనబడుతుంది, సగం ఫైలు కనబడదు.

క్లౌడ్ నిల్వలలో ఈ పద్ధతిని గుడ్డిగా వాడకూడదు. 2006లో మొదలైన అమెజాన్ ఎస్3 సాధారణ బకెట్లలో పేరు మార్చడం అంటే కాపీ చేసి పాతది చెరపడమే. అయితే అక్కడ ఒక వస్తువును మొత్తంగా పెడితే అది పూర్తిగానే కనబడుతుంది. 2020 డిసెంబరు నుంచి రాసిన వెంటనే చదివినా కొత్త ప్రతే వస్తుంది. వాడే నిల్వ ఇచ్చే హామీ ఏమిటో చదివి తెలుసుకున్నాకే ప్రోగ్రాం రాయాలి.

7. పనినే ఫైలు దగ్గరకు పంపడం

ఒక లెక్క చేద్దాం. ఒక టెరాబైటు ఫైలును సెకనుకు 100 మెగాబిట్ల నెట్‌వర్క్ మీద తేవాలంటే, ఏ ఆటంకం లేకపోయినా 80,000 సెకన్లు, అంటే 22 గంటలు దాటుతుంది. సెకనుకు 100 మెగాబైట్లు చదివే డిస్కు ఒక్కటే ఉంటే చదవడానికే 10,000 సెకన్లు. ఆ ఫైలును 100 యంత్రాలలో ముక్కలుగా ఉంచి, ఏ ముక్కను ఆ యంత్రమే చదివితే 100 సెకన్లు చాలు. ఫైలును కదపకుండా పనిని పంపాలనే ఆలోచన వెనుక ఉన్న లెక్క ఇదే.

గూగుల్ ఇంజనీర్లు సంజయ్ ఘెమావత్, హోవార్డ్ గోబియాఫ్, షున్‌టక్ లియుంగ్ 2003లో గూగుల్ ఫైల్ సిస్టమ్ గురించి పరిశోధన పత్రం ప్రచురించారు. ఫైలును 64 మెగాబైట్ల ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ మామూలుగా మూడు యంత్రాలలో ఉంచడం అందులోని పద్ధతి. 2004లో జెఫ్రీ డీన్, ఘెమావత్ ఆ ముక్కల మీద పనిచేయించే మ్యాప్‌రెడ్యూస్ గురించి రాశారు. వీటి స్ఫూర్తితో డగ్ కటింగ్, మైక్ కాఫరెల్లా చేసిన పని నుంచి 2006లో హడూప్ పుట్టింది. డగ్ కటింగ్ కొడుకు బొమ్మ ఏనుగు పేరే హడూప్.

హడూప్ ఫైల్ సిస్టమ్ 2వ వెర్షన్ నుంచి ముక్క సైజు, మనం మార్చకపోతే, 128 మెగాబైట్లు. 1024 మెగాబైట్ల ఫైలు 8 ముక్కలవుతుంది. ఒక్కొక్కటి మూడు ప్రతులు కనుక 24 ముక్కలు నిల్వ ఉంటాయి. ఏ ముక్క ఎక్కడున్నదో నేమ్‌నోడ్ అనే యంత్రం చెబుతుంది. డేటానోడ్లు 3 సెకన్లకొకసారి దానికి హాజరు పలుకుతాయి. హాజరు రాని యంత్రం పోయిందని తేలితే, దానిలోని ముక్కలకు మిగిలిన ప్రతుల నుంచి కొత్త ప్రతులు తయారవుతాయి. ప్రతి ముక్కకూ చెక్‌సమ్ ఉంటుంది కనుక చెడిన ప్రతిని గుర్తించి మంచి ప్రతి నుంచి చదువుకోవచ్చు. ఇక్కడ ఒకసారి రాసి చాలాసార్లు చదవడమే నియమం. ఫైలు చివర చేర్చవచ్చు, మధ్యలో దిద్దడం కుదరదు. ఈ నియమం వల్ల 5వ భాగంలో చెప్పిన తంటాలు చాలావరకు తప్పుతాయి.

8. అనుమతుల సంగతి

లినక్స్ మనిషిని పేరుతో కాక సంఖ్యతో గుర్తిస్తుంది. ఒక యంత్రంలో 1001 అంటే రాజు, ఇంకొక యంత్రంలో 1001 అంటే వేరొకరు కావచ్చు. పాత పద్ధతి ఎన్.ఎఫ్.ఎస్. క్లయింట్ చెప్పిన సంఖ్యనే నమ్ముతుంది. కాబట్టి అన్ని యంత్రాలలో సంఖ్యలు ఒకటే ఉండాలి, నమ్మకమైన యంత్రాలకే ఫోల్డరు ఇవ్వాలి. క్లయింట్ యంత్రంలోని రూట్‌కు సర్వర్ ఫైళ్ళ మీద పూర్తి అధికారం దక్కకుండా రూట్ స్క్వాష్ అనే ఏర్పాటు ఉన్నది. దానిని తీసివేయకండి.

9. మీరే చేసి చూడండి

ఒక ఫైలులో 0 రాయండి. ఆ సంఖ్యను చదివి, 1 కలిపి, తిరిగి రాసే పనిని 1000 సార్లు చేసే ప్రోగ్రాం రాయండి. రెండు కంప్యూటర్ల నుంచి, పంచుకున్న ఆ ఒక్క ఫైలు మీద ఒకేసారి నడపండి. రెండు కంప్యూటర్లు దొరకకపోతే ఒకే కంప్యూటర్‌లో రెండు కిటికీలు తెరిచి నడిపినా సరిపోతుంది. రావలసినది 2000. చాలాసార్లు తక్కువ వస్తుంది. తరువాత తాళం వేసి నడపండి. ఆపైన ఒకే రాతగాడు పద్ధతిలో, సాకెట్ ద్వారా విన్నపాలు పంపి నడపండి. మూడు ఫలితాలనూ, పట్టిన సమయాన్నీ పట్టిక వేయండి. ఇంటర్వ్యూలో ఆ పట్టిక గురించి చెప్పగలిగితే నిర్వచనాలు అప్పజెప్పినదానికంటే విలువ ఉంటుంది.

ప్రోగ్రాం మొదలుపెట్టే ముందు ఈ ఆరు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోండి:

1) ఈ ఫైలు అసలు ప్రతి ఏ యంత్రంలో ఉన్నది?
2) దీనిని రాసే హక్కు ఎవరికి ఉన్నది?
3) చదివేవారికి ఎంత పాత సమాచారం వచ్చినా ఫరవాలేదు?
4) రాస్తుండగా యంత్రం ఆగితే ఏం మిగులుతుంది?
5) ఒకే విన్నపం రెండుసార్లు వస్తే ఏమవుతుంది?
6) ఫైలు చెడిపోయిందని ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నలకు జవాబు లేని ప్రోగ్రాం కూడా ల్యాబ్‌లో నడుస్తుంది, ఎక్స్‌టర్నల్ గారి ముందు కూడా నడుస్తుంది. నిజమైన పనిలో, వేలమంది పేర్లు ఎక్కే రోజున, ఒకరి పేరు చడీచప్పుడు లేకుండా పోతుంది. ఆ ఒక్కరు ఎందుకు పోయారో ఆఫీసుల చుట్టూ తిరిగినా ఎవరూ చెప్పలేరు. ఆ పరిస్థితి రానివ్వని ప్రోగ్రామర్లుగా మీరు ఎదగాలని కోరుకుంటూ, స్టడీ అవర్‌లో ఇద్దరిద్దరు కలిసి 9వ భాగంలోని ప్రయోగంతో మొదలుపెట్టవలసిందిగా కోరుతున్నాం.

మీ పూర్వ విద్యార్థి అన్నలు, అక్కలు